కారే హక్కు ఉన్న కప్పు

ఏ బడికైనా నూరేళ్లు నిండాక చదువు చెప్పే పూచీ తీరిపోతుందని, ఆపైన గర్వకారణంగా నిలబడి ఉంటే చాలునని పెద్దలు ఏనాడో తీర్మానించారు. ఆ ఊరి పాత బడి ఈ తీర్మానాన్ని తు.చ. తప్పకుండా పాటిస్తోంది. ఊళ్లో గొప్పవాళ్లంతా అందులో చదివినవాళ్లే. (తమ పిల్లల్ని మాత్రం అందులో వెయ్యలేదు. అంత పవిత్రమైన చోటుని తొక్కించడం ఎందుకని.)

ఈ చరిత్రతో మూడో తరగతి పంతులమ్మకి పేచీ ఏమీ లేదు. ఆవిడ గొడవల్లా తన గది కప్పు కారుతోందని, పైన దూలం పుచ్చిపోయిందని, దాని కిందే పిల్లలు కూర్చుంటున్నారని. వానాకాలం నెత్తి మీదికొచ్చేసింది. నాలుగు పెంకులు మార్చి, దూలం కింద ఓ గుంజ పాతిస్తే సరిపోతుందనుకుంది, పిచ్చితల్లి.

వడ్రంగి వచ్చి నిచ్చెన వేశాడో లేదో, పురాతన కట్టడాల పరిరక్షణాధికారి ఊడిపడ్డాడు. ఈ కప్పు వారసత్వ సంపద, దీన్ని బాగు చెయ్యడం నేరం అన్నాడు.

"కారుతోందండీ," అంది పంతులమ్మ.

"ఎన్నాళ్ల నుంచి?"

"మా అమ్మ ఇక్కడ చదివేటప్పటి నుంచీ ఇంతేనట."

అధికారి మొహం వెలిగిపోయింది. యాభై ఏళ్లు దాటిన లోపం ఏదైనా కట్టడంలో భాగమేనని నిబంధన ఉంది. "అయితే కారడం కూడా రక్షిత సంపదేనమ్మా," అని, కింద పెట్టిన బకెట్ తీయించేశాడు. (అది ప్లాస్టిక్‌ది. నూరేళ్ల కిందట అలాంటివి లేవు.)

"పోనీ పిల్లల్ని పక్క గదిలో కూర్చోబెట్టుకుంటాను."

"కుదరదు. ఇది వాడుకలో ఉన్న తరగతి గది కిందే నమోదైంది. పిల్లలు లేకపోతే గుర్తింపు పోతుంది."

ఆవిడకి కోపమూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి. ఇక దిక్కు పూర్వ విద్యార్థుల సంఘమే అనుకుని, దాని అధ్యక్షుణ్ణి వెంటబెట్టుకొచ్చింది. ఆయనకి చెప్పుల కొట్టుంది, ఆవిడకి వరసకి బాబాయి. గదిలో అడుగుపెట్టి పైకి చూసేసరికి ఆయన కళ్లు చెమర్చాయి.

"అమ్మాయ్, ఈ చినుకు నా నెత్తిన పడ్డదేనే. దీని చలవ వల్లే నేనింతవాణ్ణయ్యాను. ఆపేస్తానంటే నా ప్రాణం ఒప్పుకోదు."

"అయితే మీ మనవణ్ణి పంపించు బాబాయ్. వాడి నెత్తినా పడుతుంది."

"వాడికి జలుబు చేస్తుందమ్మా," అన్నాడాయన.

వారం తిరక్కుండా సంఘం వారు 'మహనీయులు తడిసిన చోటు' అని రాతి ఫలకం చెక్కించి తెచ్చారు. గోడకి మేకు కొట్టడం నేరం గనక దాన్ని దూలానికే వేలాడదీశారు. దూలం కిర్రుమంది. అందరూ చప్పట్లు కొట్టారు.

సభ అయ్యాక పంతులమ్మ అధికారిని గుమ్మం దగ్గర పట్టుకుంది. "దీన్ని ఎప్పటికీ బాగు చేయించుకోకూడదా సార్?"

"ఎందుకు చేయించుకోకూడదమ్మా?" ఆయన నొచ్చుకున్నాడు. "మేమేం రాక్షసులమా? కూలిపోయాక శుభ్రంగా చేయించుకోండి. కూలిపోయినదాన్ని కట్టడం అనరు. అప్పుడు ఎవరి అనుమతీ అక్కర్లేదు."

మర్నాడు పొద్దున్నే వాన పట్టుకుంది. పంతులమ్మ ఒకసారి దూలం వైపు చూసి, హాజరు పిలిచింది.

ఆ రోజుకి అందరూ ఉన్నారు.