ఫోనులో పట్టని బటన్

చూపు కావాలనుకునే పౌరుడికి ముందుగా పెద్ద తెర ఉండాలని పెద్దాసుపత్రి కంటి విభాగం తేల్చి చెప్పింది. శుక్లాల ఆపరేషనుకు తేదీ ఇకపై వెబ్‌సైట్‌లోనే ఇస్తారు. (క్యూలు రద్దయ్యాయి. రద్దయిన సంగతి తెలుసుకోవడానికి మాత్రం క్యూ ఉంది.)

మా వీధి చివర దర్జీ అత్త నలభై ఏళ్లుగా బట్టలు కుడుతోంది. ఆరు నెలలుగా సూదిలో దారం ఎక్కించలేక, వచ్చినవాళ్లను తిప్పి పంపేస్తోంది. కోడలు ఫోనులో సైటు తెరిచి పేరు, వయసు, ఏ కన్నో అన్నీ నింపింది. చివరి బటన్ మీద ‘తేదీ ఖా’ అని మాత్రమే ఉంది. మిగతా ‘యం’, నొక్కవలసిన చోటూ ఫోను అంచు దాటి గాలిలో ఉన్నాయి.

ఇద్దరూ ఆసుపత్రికి వెళ్లారు. తెరల సమన్వయాధికారి తన గదిలో గోడంత తెర మీద అదే పేజీ తెరిచి, బెత్తంతో బటన్ చూపించాడు. సైటులో లోపం లేదనీ, ఫోనే సన్నమనీ వివరించాడు. అయితే ఇక్కడే నొక్కుతామంది కోడలు. పదిహేడో నిబంధన ప్రకారం ఆ తెర చూడటానికే తప్ప నొక్కడానికి కాదట.

అత్త తెర ఉన్న దిక్కుకి తిరిగి మెల్లగా అంది: “బట్ట బిగుతైతే కుట్టు విప్పుతాం నాయనా. మనిషిని చెక్కం.”

అధికారి ఆ మాట రాసుకుని, ప్రజల ఫోన్ల కొలతలు తీయడానికి ఒక సంఘం వేశాడు. (సంఘం తొలి తీర్మానం: సమావేశాలకు ఇంకా పెద్ద తెర.)

కోడలు ఆగే మనిషి కాదు. అత్తను నేరుగా టీవీల దుకాణానికి తీసుకెళ్లి, అన్నిటికన్నా పెద్ద టీవీలో సైటు తెరిపించింది. అత్త చేతిలో రిమోటు పెట్టి నొక్కించింది. తేదీ వచ్చింది. వారం తిరక్కుండా ఆ దుకాణం ముందు అరవై మంది చేరారు. ఆసుపత్రి దాన్ని తన శాఖగా ప్రకటించి, కుర్చీలు చాలవని దుకాణదారుడికి నోటీసిచ్చింది.

ఆపరేషను బాగా జరిగింది. కట్టు విప్పగానే అత్త కంటి పరీక్ష అక్షరాల అట్ట మీది చిట్టచివరి వరుస చదివి, డాక్టరు కోటు జేబు దగ్గర కుట్టు ఊడిందని కూడా చెప్పింది. డాక్టరు మురిసిపోయి, అభిప్రాయం సైటులో రాయమన్నాడు. ఎక్కడ రాయాలో చూపించమంది అత్త.

డాక్టరు తన ఫోను తీశాడు. నిలువుగా పట్టుకున్నాడు, అడ్డంగా తిప్పాడు, ముక్కు దగ్గరికి తెచ్చుకుని కళ్లు చికిలించాడు.

“ఎన్నాళ్లనుంచి ఇలా ఉంది, బాబూ?” అని అడిగింది అత్త.