అల్లం చేనులో పూలచొక్కా

తెల్లారేసరికి చిరాగ్‌పల్లి చేరాలి, అల్లం చేను మీద సూర్యోదయాన్ని ఫోటో తీయాలి, టిఫిన్ వేళకు వచ్చి స్టూడియో తెరవాలి. ఆ రోజుకు మల్లికార్జున్ వేసుకున్న పథకం ఇంతే. జహీరాబాద్ బస్టాండు పక్కన పెళ్లిళ్లూ పాస్‌పోర్టు సైజులూ తీసి తీసి విసిగిన ప్రాణం అతనిది. అల్లం వ్యాపారి శరణప్ప ఎనభై నాలుగో సంవత్సరం క్యాలెండరుకు సూర్యోదయం బొమ్మ అడిగాడు. కింద ఫోటోగ్రాఫరు పేరు అచ్చు వేయిస్తానన్నాడు. ఇన్నాళ్లూ ఫోటోల వెనక రబ్బరు స్టాంపుగా బతికిన పేరు మరి!

"ప్రకృతి ఫోటో అంటె ఓపిక సగం, అదృష్టం సగం," అన్నాడు భార్య రత్నమ్మతో, గొప్పగా.

"గట్లయితె అండ్ల మీ పనేమున్నది?" అందామె.

ఓపిక అప్పటికే ఖర్చయిపోయింది. వారం నుంచీ ఒక రోజు మబ్బు, ఒక రోజు లారీల పొగ. రీలులో ఒక్క ఫోటోయే మిగిలింది. బొమ్మ మర్నాడే ప్రెస్సుకు పోవాలి. ఇవాళ మాత్రం ఆకాశం కడిగినట్టుంది. చేను గట్టున స్టాండు మీద కెమెరా బిగించి, ఆనందం పట్టలేక అరిచాడు.

"అబ్బ! ఏం చేను అవ్వా నీది! జిల్లా మొత్తం తిరిగినా గిట్లాంటిది దొరకది!"

చేను గలామె నర్సమ్మ నెత్తి కొట్టుకుంది.

"నీ నోట్ల మన్నువడ! పచ్చటి చేనుకు దిష్టి పెడ్తివి గదరా!" అంటూ గుడిసెలోకి ఉరికింది. సున్నం బొట్ల కుండ తలకాయగా పెట్టిన దిష్టిబొమ్మను తెచ్చి సరిగ్గా కెమెరా ముందు పాతింది.

"అవ్వా, జర పక్కకు పెట్టు! నీ కాల్మొక్త!"

"దిష్టి పెట్టినోని అంగీ తొడిగితెనే దిష్టి పోతది. ఇయ్యి, జరుపుత."

తూర్పు ఎర్రబడుతోంది. బేరానికి టైము లేదు. ఊరంతా ఎరిగిన తన పూలచొక్కా విప్పి ఇచ్చాడు. అతని కన్నా బొమ్మకే బాగా కుదిరింది. నర్సమ్మ మాట తప్పలేదు, జరిపింది. అతను స్టాండు ఇటు తిప్పితే ఇటు, అటు తిప్పితే అటు.

"నీ చూపు యాడుంటె బొమ్మ ఆడుండాలె బిడ్డా!"

బనీనుతో వణుకుతూ, స్టాండు ఎత్తుకుని గట్టు చివరికి పరుగెత్తాడు. నర్సమ్మ బొమ్మను భుజానేసుకుని వెంటపడింది. సూర్యుడు అంచు చూపించాడు. మల్లికార్జున్ నొక్కాడు. సరిగ్గా ఆ క్షణానే బొమ్మ ఎదురుగా వచ్చి దిగబడింది. రీలు అయిపోయింది.

స్టూడియోలో రీలు కడిగి చూస్తే సూర్యుడుండాల్సిన చోట కుండ, కుండ చుట్టూ వెలుగు, కింద పూలచొక్కా. ఆ ఫోటోయే పట్టుకుని శరణప్ప దగ్గరికి పోయాడు.

"నా పేరు గీరు ఏమొద్దు సేటూ. మాఫ్ చెయ్యి."

శరణప్ప మాత్రం ఎగిరి గంతేశాడు. "సూర్యుడు అందరి క్యాలెండర్ల ఉంటడు. దిష్టిబొమ్మ ఎవ్వని దగ్గరున్నది? దుకాణంల గిది తగిలిస్తె ఇంక దిష్టి ఫికరే లేదు! నీ పేరు పెద్దగ ఏపిస్త!"

కొత్త సంవత్సరానికి ఊళ్లో ఏ దుకాణంలో చూసినా అదే బొమ్మ. చొక్కాను గుర్తుపట్టనివాడు లేడు. "ఇన్నొద్దులకు నీ ఫోటో మంచిగొచ్చింది మల్లన్నా!" అని ఒకటే పలకరింపులు.

"ఓపిక ఆ అవ్వది, అదృష్టం సేటుది," అన్నాడతను రత్నమ్మతో. "అంగీ ఒక్కటే నాది."

రత్నమ్మ నవ్వి, ఒక క్యాలెండరు తెచ్చి స్టూడియో గుమ్మానికి కూడా వేలాడదీసింది. దిష్టి తగిలేంత గిరాకీ మాత్రం ఇంకా రాలేదు.