కుర్చీల గదిలో కన్యాదానం

పెళ్లిళ్లు లేని రోజుల్లో వడ్డన పనివాళ్లను కుర్చీల గదిలో ఒకరి మీద ఒకరిని పేర్చి పెట్టడం జనగామలోని ఆ ఫంక్షన్ హాలులో మొదటినుంచీ ఉన్న పద్ధతే. ముహూర్తం రాగానే కావలసినంత మందిని పైనుంచి దించి, తడిగుడ్డతో తుడిచి, చేతికి సాంబారు బకెట్ ఇస్తారు.

ఇందులో చట్టవిరుద్ధం ఏమీ లేదని హాలు వకీలు ఏనాడో తేల్చాడు. ఒప్పందం ప్రకారం పని ఇచ్చి తీరాలన్న బాధ్యత యజమానికి లేదు. వచ్చి తీరాలన్న బాధ్యత పనివాడికీ లేదు. ఇంతటి సమానత్వం మొగుడూ పెళ్లాల మధ్య కూడా ఉండదు. రానన్నవాణ్ని ఎవరూ పల్లెత్తు మాట అనరు. దొంతరలో అట్టడుక్కి మారుస్తారు, అంతే.

సాయిలు ఒకసారి జ్వరమొచ్చి రానన్నాడు. అందుకే అడుగున ఉన్నాడు. అతని కూతురు రజిత పెళ్లి ఆ హాలులోనే జరుగుతోంది. మర్నాటి నుంచి మూఢం. కన్యాదానం తన చేత్తో చెయ్యాలని సాయిలు ఆశ. కానీ బంధువులు తక్కువ కాబట్టి పైన ఉన్న కొద్దిమందితోనే వడ్డన సరిపోయింది, దింపడం అతని దాకా రాలేదు.

పెళ్లికూతురే గదిలోకి వచ్చింది.

"సార్, మా నాయినను దించుర్రి," అని మేనేజర్ పరంధాములును బతిమాలింది.

"ఇయ్యాల మీ నాయిన మా పనోడే కాదమ్మా. పనోడు కానోన్ని ముట్టుకునే హక్కు మాకేడుంటది?"

"మీదున్నోళ్లనన్న జరుపుర్రి."

"వాళ్ల కాళ్లు నేలకు తాకినయంటే డ్యూటీ ఎక్కినట్టే. ఇంకో పది మందికి పనేడుంది?"

సాయిలుకు ఏడుపొచ్చింది. అయినా మెదల్లేదు. మెదిలితే మూఢం వెళ్లాక కూడా పిలవరేమోనని భయం.

చివరికి పెళ్లికొడుకునూ పంతులునూ గదిలోకే పిలిచారు. దొంతర అడుగునుంచి బయటికి పొడుచుకొచ్చిన సాయిలు చేతిని పంతులే ఎత్తి, రజిత చేతిని అల్లుడి చేతిలో పెట్టించాడు. ఎత్తింది పంతులు గనక అది పని కిందికి రాదని వకీలు ఫోనులోనే చెప్పాడు.

తాళి కట్టాక అల్లుడు ఆ దొంతర వంక చాలాసేపు చూశాడు.

"సార్, నాకేమన్న పని దొరుకుతదా?"

పరంధాములు కళ్లతోనే ఎత్తు కొలిచాడు. "మీద జాగుంది. ఎక్కు."

"సర్దుకొని పండుకో అల్లుడా," అన్నాడు సాయిలు అడుగునుంచి. ఆ గొంతులో ఇప్పుడు దిగులు లేదు.

రజిత ఒక్కతే అత్తారింటికి బయల్దేరింది. దారిలో అడిగినవాళ్లందరికీ మా ఆయన ఉద్యోగంలో ఉన్నాడనే చెప్పింది. అందరూ అదృష్టవంతురాలివన్నారు.