గంగాళం కింద వైఫై

ఆ ఉదయం బసవపున్నయ్య వేసుకున్న పథకంలో లోపమేమీ లేదు. పదకొండింటికి ఇంట్లో ఉన్న పాత కంప్యూటర్ తెరవాలి, భీమక్క బృందాన్ని దాని ముందు కూర్చోబెట్టాలి, హైదరాబాదులో మిఠాయి కొట్టు నడిపే సాహిత్యతో వీడియోలో మాట్లాడించాలి. తర్వాత బూర్గంపాడు సెంటర్లో ఉన్న తన ఎరువుల కొట్టుకు వెళ్ళి ఈ సంగతి నలుగురికీ చెప్పుకోవాలి. ఆయనకు అన్నిటికంటే ముఖ్యమైంది ఈ చివరిదే.

భీమక్కకు ముఖ్యమైంది ఆర్డరు. అడవి పక్క గూడెంలో ఆమె, మరికొందరు ఆడవాళ్ళు కలిసి ఇప్పపువ్వు లడ్డూలు చేస్తారు. ఆర్డరు వస్తే ఏడాదంతా గూడెంలోనే పని. రాకపోతే మళ్ళీ మిరప చేలల్లో కూలికి పోవాల్సిందే. "ఫోన్ల మాట్లాడుతం సారూ" అని ఆమె అంటే, "ఫోన్లో ఏం కనపడతది, అగ్గిపెట్టెలో చూసినట్టు! మా కంప్యూటర్ ఉండగా నీకెందుకు రంది?" అని మాటిచ్చింది బసవపున్నయ్యే.

తొమ్మిదింటికి తెరిచి చూస్తే, నిన్నటిదాకా బాగానే ఉన్న నెట్టు లేదు.

కారణం ముందుగదిలో మూలన ఉంది. ముందురోజు కిటికీలోంచి ఒక కోతి దూరి, వైఫై డబ్బా కొమ్ములు పట్టుకుని పీకబోయింది. ఆయన భార్య నిర్మలాదేవి దాన్ని తరిమి, కోడిపిల్లల మీద గంప కమ్మినట్టు డబ్బా మీద పెద్ద ఇత్తడి గంగాళం బోర్లించింది. తీగ లేకుండా వచ్చే నెట్టుకు గంగాళం ఒక అడ్డా అని ఆమె ధీమా. ఇంత చిన్న విషయం మొగుడికి చెప్పడమెందుకని ఊరుకుంది.

బసవపున్నయ్య కంప్యూటర్ ఆపాడు, వేశాడు. మళ్ళీ ఆపాడు, వేశాడు. అది మొండికేస్తే, కాలేజీలో కంప్యూటర్ పాఠాలు చెప్పే పక్కింటి ఉదయ్ భాస్కర్‌ను కేకేశాడు.

"పిన్నీ, డబ్బాకు లైట్లు వెలుగుతున్నయా?" అన్నాడు ఉదయ్ భాస్కర్ వస్తూనే.

నిర్మలాదేవి వెళ్ళి గంగాళం అంచు ఎత్తి చూసింది. "పచ్చగా వెలుగుతున్నయ్ నాయనా!"

సరిగ్గా అప్పుడే పడకగదిలో బసవపున్నయ్య, కంప్యూటర్‌కు పొడుగు వైరుతో తగిలించిన, నెట్టు అందుకునే చిన్న వైఫై పుల్లను చేత్తో పైకెత్తాడు. "వచ్చింది! వచ్చింది!" అని అరిచాడు. ఆమె గంగాళం దించింది. "పోయింది" అన్నాడు.

"బాబాయ్, ఇందాక ఎట్ల నిలబడ్డవో అట్లనే నిలబడు!"

బసవపున్నయ్య స్టూలెక్కాడు. బోరు పాయింటు చూసేవాడు అరచేతిలో కొబ్బరికాయ పెట్టుకుని తిరిగినట్టు, ఆ పుల్లను నాలుగు దిక్కులా తిప్పాడు. నిర్మలాదేవి మళ్ళీ లైట్లు చూసింది. వచ్చింది. చూడటం అయిపోయింది. పోయింది.

"కంప్యూటర్ పాతది బాబాయ్, దూరం అందుకుంటలేదు. డబ్బా ఉన్న గదిలకు మోసుకపోదాం" అని తేల్చాడు ఉదయ్ భాస్కర్.

మోశారు. వైరు ముందుగది కిటికీ పరదాకు చుట్టుకుని, పరదా, దాని రాడ్డు కలిసి బసవపున్నయ్య నెత్తిన పడ్డాయి. కిటికీ బోడిగా మిగిలింది. అప్పటికీ నెట్టు రాలేదు. "కొత్త సాఫ్ట్‌వేర్ వేస్తే దెబ్బకు వస్తది" అంటూ ఉదయ్ భాస్కర్, ఎప్పుడో దిగి కంప్యూటర్లోనే ఉండిపోయినదేదో నొక్కాడు. అప్‌డేట్ అవుతోంది, ఆపవద్దు అని తెర హుకుం జారీ చేసింది.

అదే సమయానికి గంపతో భీమక్క, వెనకాలే ఆమె జట్టు గుమ్మంలోకి వచ్చారు.

"గిదేంది సారూ, తెర మీద గుండ్రంగ తిరుగుతాంది?"

"ముస్తాబవుతున్నది భీమక్కా. పెద్ద కంప్యూటర్ కదా."

"ఫోన్ల చేద్దమా మరి?"

ఆ ఇంట్లో ఫోన్ సిగ్నల్ కావాలంటే డాబా ఎక్కాలి. డాబా ఏనాడో కోతుల వశమైంది. భీమక్క ముఖం చిన్నబోయింది. గొప్పలకు పోయి వీళ్ళ పని చెడగొట్టానని బసవపున్నయ్యకు మొదటిసారి నిజంగానే సిగ్గేసింది.

పదకొండవుతుండగా అప్‌డేట్ ముగిసింది. నెట్టు మాత్రం లేదు. ఊరికే కూర్చోలేక భీమక్క అంది, "అమ్మా, గంపల ఉంటే లడ్డూలు అవుపడయి. ఈ గంగాళంల పెట్టనా?"

"దాని కింద వైఫై డబ్బా ఉంది, కోతులొస్తయ్" అంది నిర్మలాదేవి.

"నా గంప కమ్ముత తియ్యి."

భీమక్క గంగాళం తుడిచి, విస్తరాకులు పరిచి, లడ్డూలు పేర్చింది. ఖాళీ అయిన వెదురు గంపను డబ్బా మీద కమ్మింది. ఆ క్షణాన ఉదయ్ భాస్కర్ వైఫై పుల్లను నోటి దగ్గర పెట్టుకుని ఉఫ్‌మని ఊదుతున్నాడు. తెర మీద సాహిత్య ప్రత్యక్షమైంది.

"చూశావా బాబాయ్, దుమ్ము!" అన్నాడతను.

సాహిత్య లడ్డూలను తేరిపార చూసింది. "రంగు బాగుందమ్మా. కానీ ఇప్పపువ్వు రుచి మావాళ్ళకు కొత్త. నచ్చుతుందో లేదో... తర్వాత చూద్దాం."

ఆ 'తర్వాత' ఎన్నటికీ రాదని అందరికీ అర్థమైంది. భీమక్క కొంగు సర్దుకుని లేవబోయింది.

పరదా లేని కిటికీలోంచి కోతి దూకింది. బల్ల మీద అరటిపళ్ళ గెల ఉంది. ఒక పండు తుంచి, వాసన చూసి, పక్కన పడేసింది. లడ్డూ అందుకుంది. తిని, వేళ్ళు నాకి, ఈసారి రెండు చేతులతో రెండు తీసుకుంది.

"హుష్!" అంటూ నిర్మలాదేవి రాడ్డు ఎత్తింది.

"ఆగండి, కొట్టకండి!" సాహిత్య పడీపడీ నవ్వుతోంది. "అరటిపండు వదిలేసి లడ్డూ తింటోందా? ఇదంతా రికార్డయింది. మా కొట్టులో పెద్ద టీవీలో వేస్తా. ఏడాది పొడుగునా పంపుతారా?"

"పంపుతం తల్లీ, పంపుతం!" భీమక్క కళ్ళు తుడుచుకుంటూ నవ్వింది. "ఓ పిల్లా, ఆ కోతికి ఇంకోటి పెట్టు!"

భీమక్క బృందం వెళ్ళాక, నెట్టు వచ్చింది ఊదినందుకా, మోసినందుకా అని బసవపున్నయ్య, ఉదయ్ భాస్కర్ చాలాసేపు వాదించుకున్నారు. డబ్బాకు గంప ఎలాగూ ఉంది కాబట్టి, నిర్మలాదేవి గంగాళాన్ని శుభ్రంగా తోమి కంప్యూటర్ మీద బోర్లించింది.