కూజాలో పోసిన పాత రియోహా

ఆ ఆదివారం పొద్దున లియొకాదియో వేసుకున్న పథకం చాలా చిన్నది. కూతురు ఐతానా పుట్టిన ఏడాది నేలమాళిగలో పడుకోబెట్టిన ఎర్ర వైన్ సీసాను తీయాలి, కాబోయే వియ్యంకుడు డొమిసియానోకు పోయాలి, అంతే. ఆ డొమిసియానోది రిబేరా, వైన్ పేరెత్తితే రియోహాతో పోటీకి దిగే సీమ. "వైన్ అంటే మాది. మీ రియోహా వైన్ ముసలమ్మల దగ్గుమందు" అని నిశ్చితార్థం రోజున నలుగురిలో అనేశాడు పెద్దమనిషి. ఆ నోటితోనే "మీదే గొప్ప" అనిపిస్తే గాని లియొకాదియోకు కంటిమీద కునుకు పట్టేలా లేదు.

పాత వైన్ అడుగున మడ్డి పేరుకుంటుంది. అందుకని ఊపిరి బిగబట్టి, సీసాను మెల్లగా కూజాలోకి వంచాడు. ఆహా, ఏం రంగు! అంచున ఇటుకరంగు తిరిగిన ఎరుపు. ఏం వాసన! పాత చెక్కపెట్టె తెరిచినట్టు, దానిలో ఎవరో ఎండు ద్రాక్ష దాచినట్టు. ఆయనకు కళ్ళు చెమర్చాయి. చుక్క కూడా నోట్లో వేసుకోలేదు. మధ్యాహ్నం దాకా గాలి తగలనిద్దామని వంటింటి కిటికీ దగ్గర పెట్టి, గొర్రెపిల్ల పక్కటెముకలు కాల్చడానికి ద్రాక్షపుల్లలు తేవడానికి తోటకు వెళ్ళాడు.

పిచ్చి మారాజు! ఆ కూజాలో రోజూ ఉండేది ఈ ఏటి కొత్త వైన్. భార్య వీసి రొట్టెలు కొనుక్కుని వచ్చింది, పొయ్యిమీద దూడ బుగ్గమాంసం వేగుతోంది, చేతికందిన కూజాను ఎత్తి కుండలో కుమ్మరించింది. తర్వాత కిటికీ పక్కన ఖాళీ సీసా కనబడింది.

"ఓరి దేవుడో, కొంప ముంచాను!"

గబగబా పీపాలోంచి కొత్త వైన్ పట్టి కూజా నింపింది, ఏమీ ఎరగనట్టు బట్టలు మార్చుకోవడానికి వెళ్ళింది. ఈలోగా ఆమె అక్క యులాలియా దిగింది. కూజాలోది రుచి చూసి మొహం చిట్లించింది.

"ఛీ, ఇంత పచ్చి వైనా వియ్యంకుడికి పోసేది? పరువు పోదూ!"

పండగపూట ఊరంతా చేసినట్టే చక్కెర, నిమ్మతొక్క, దాల్చినచెక్క వేసి కలిపింది. చెల్లెలికి మేలు చేశానని మురిసిపోయింది కూడా.

భోజనాల దగ్గర, ద్రాక్షపుల్లల మీద కాలిన పక్కటెముకలు పళ్ళెంలో చిటపటలాడుతుండగా, లియొకాదియో లేచి గ్లాసులు నింపాడు. "తొందరపడకండి బావగారూ. ముందు వాసన చూడండి. పాత చెక్క, కాస్త దాల్చినచెక్క..."

డొమిసియానో ఒక గుక్క తాగి, నోట్లోంచి చెక్కముక్క ఒకటి తీసి బల్లమీద పెట్టాడు. "కాస్త ఏమిటి బావగారూ, మానే ఉంది!"

అందరూ ఘొల్లుమన్నారు. లియొకాదియో తన గ్లాసు రుచి చూశాడు. మొహంలో నెత్తురుచుక్క లేదు. వీసి తల ఎత్తకుండా మాంసం కూర వడ్డించింది.

డొమిసియానో నవ్వుతూనే రొట్టెముక్క పులుసులో ముంచాడు. నవ్వు ఆగిపోయింది. ఇంకో ముక్క ముంచాడు. పళ్ళెం అడుగు మెరిసేదాకా తుడిచాడు.

"చెల్లెమ్మా, నిజం చెప్పు. ఇందులో ఏం పోశావు?"

"ఏముందన్నయ్యా, ఇంట్లో ఉన్న వైనే. కాస్త... పాతది."

"కాస్తా? ఇలాంటిదాన్ని మేం తాళం వేసి దాచుకుంటాం తల్లీ! మీరు కూరలో పోసుకుంటున్నారా?" లేచి నిలబడి లియొకాదియో చెయ్యి పట్టుకున్నాడు. "ఒప్పుకున్నాను బావగారూ. మీదే గొప్ప."

లియొకాదియోకు అప్పుడు అర్థమైంది. పెళ్ళాం వంక ఒక చూపు చూసి, రొట్టెముక్క పులుసులో ముంచి నోట్లో పెట్టుకున్నాడు. ఇన్నేళ్ళు కాపలా కాసిన రుచి నాలుకకు తగిలింది. ఎంత బాగుందో! ఏడుపూ వచ్చింది, గర్వమూ వచ్చింది.

"దానికేముంది బావగారూ" అన్నాడు గొంతు సవరించుకుని. "కూరలోకి ఇంతకన్నా తక్కువది మా ఇంట్లో వాడం."

నెల తిరగకుండానే రిబేరా నుంచి కబురొచ్చింది: డొమిసియానో కూడా కొడుకు పుట్టిన ఏటి సీసాను కూరలో పోయించాడట, కూర కాస్తా అడుగంటి మాడిపోయిందట.