క్లచ్చు కాపాడే కాపురం

కారులో క్లచ్చు తీసేయడమంటే కాపురానికి నిప్పు పెట్టడమే! నవ్వకండి. శామీర్‌పేట జనార్ధన్ గారు కొన్నాళ్లుగా ఇంటికొచ్చిన వాళ్లందరికీ ఇదే నచ్చజెబుతున్నారు. పొలాలు ప్లాట్లయ్యాక ఆయన మాటకు ఊళ్లో విలువ పెరిగింది. చెల్లనిది ఇంట్లోనే. కొత్త కారు కొనబోతుంటే, భార్య రోజారాణి క్లచ్చు లేని ఆటోమేటిక్ తీసుకుందామంది మరి.

ఆటోమేటిక్ ఎందుకండీ? కొంపల్లి ట్రాఫిక్‌లో క్లచ్చు తొక్కీ తొక్కీ ఎడమ కాలు ఎంత గట్టిపడుతుంది! జిమ్ముకు పోతే ఆ భాగ్యం దక్కుతుందా? గేరు మార్చే చెయ్యి ఫోను జోలికి పోదు. గేర్లు మార్చడం రాకనే ఈ కాలం పిల్లలకు ఓపిక నశించిందనీ, పెళ్లిళ్లు కూడా నిలవడం లేదనీ ఆయన అభిప్రాయం. అన్నిటికీ మించి, ఆటోమేటిక్ అయితే ఎవరు పడితే వాళ్లు నడిపేస్తారు. ఆ ఎవరో ఆయన చెప్పరు. రోజారాణి వైపు మాత్రం ఓ చూపు చూస్తారు.

ఆమెకు దుండిగల్‌లో అక్క ఉంది. చూసి రావాలంటే ఈయనకు తీరిక ఉండాలి. తీరిక ఉన్ననాడు మనసుండాలి. రెండూ ఒకేసారి కుదిరితే ఆ రోజు వాన పడుతుంది.

చివరికి ఆమె పోరు పడలేక ఇద్దరూ షోరూముకు వెళ్లారు. ఆటోమేటిక్ కారు నాలుగడుగులు కదలగానే, ఆయన అలవాటు కొద్దీ క్లచ్చనుకుని ఎడమ కాలితో బలంగా తొక్కారు. అక్కడున్నది బ్రేకు. సీటుబెల్టు లేకుంటే పక్కనున్న సేల్స్‌మన్ అద్దంలోంచి బయటపడేవాడే.

"గిది బండేనా? మాన్యువలే రాయి తమ్మీ" అన్నారు దిగుతూనే.

గొంతు గట్టిగానే ఉంది కానీ లోపల గుబులు. గేర్లున్నంత కాలం ఇంట్లో ఎవరు కదలాలన్నా ఆయన కావాలి. అవి కాస్తా పోతే ఆయనతో ఎవరికేం పని?

వెనక సీట్లోంచి దిగిన రోజారాణి కాదనలేదు.

"మాన్యువలే తీసుకో. నేను నేర్సుకున్నది గూడ దాని మీదనే. నువ్వు సైట్ల పొంటి తిరిగేటప్పుడు గుండ్లపోచంపల్లి పోయి నేర్సుకున్న. లైసెన్సు గూడ వచ్చింది."

"మరి ఆటోమేటిక్ ఎందుకన్నవు?"

"పండుకునే ముందు మోకాలు పట్టుకొని మూలుగుతవు గద. నువ్వు నడిపేటప్పుడు జర అల్కగ ఉంటదని."

ఆయనకు సిగ్గేసింది. కాసేపు ఆ కారు చుట్టూ, ఈ కారు చుట్టూ తిరిగి, ఆమె దగ్గరికొచ్చి నిలబడ్డారు.

"బండి ఇంటికొస్తే ముందుగాల ఏడికి పోతవు?" అని మెల్లగా అడిగారు.

రోజారాణి ఆ మాట ఇంకోసారి అడిగించుకుంది. ఇన్నేళ్ల కాపురంలో ఆయన ఎప్పుడూ 'ఎందుకు పోతవు' అనే అడిగారు మరి.