పూలకుండీలకు దుప్పట్లు

మార్గళి నెల చలి ఇంకా ముదరాలి! మనుషులకు కాదులెండి, మొక్కలకు. మొక్కలు గజగజ వణికితేనే మా ఇంట్లో మగ్గం ఆడుతుంది. నవ్వకండి. టెరిలిన్ మిల్లుబట్టలు వచ్చాక మనుషులకు చలి వేయడం మానేసింది కదా?

మా తిరుత్తణి ఇంట్లో రెండు మగ్గాలు. ఒకటి నాది, రెండోది మా ఆవిడ తమ్ముడు పొన్నుస్వామిది. మేం నేసిన దుప్పట్లన్నీ అటక మీదే ఉండేవి. "బావా, మద్రాసు పక్కన పట్టాభిరామ్‌లో కంపెనీ పనికి మనుషులు కావాలంట. నేను ఆడికి పోతా" అన్నాడు వాడు.

సరిగ్గా అప్పుడే ఊటీ నుంచి ఓ ఆఫీసరు బదిలీ మీద వచ్చాడు. ఆయన భార్య కాంచనమ్మ లారీ నిండా గులాబీ కుండీలు తెచ్చుకుంది. ఊటీలో మంచుకు మొక్కలు మాడిపోతాయట, ఇక్కడా వాటికి దుప్పట్లు కప్పాలట. మా ఊళ్లో మార్గళిలోనూ మధ్యాహ్నం ఫ్యాను కావాలని ఆమెకు చెప్పేదెవరు? నేనా? నాకేమైనా పిచ్చా!

వాళ్ల వాకిట్లో దుప్పట్ల మూట విప్పగానే ఆమె ఒక్కొక్కటీ చెంపకు ఆనించి చూసింది. "మంచుకు తడిస్తే రంగు పోతాదా? మొగ్గలకు గరుకు తగలదు కదా?" అని అడిగింది. మా నేతను ఇంత శ్రద్ధగా తడిమి చూసి ఎన్నేళ్లయింది! నాకు కళ్లు చెమర్చాయి.

ఆఫీసరమ్మ చేశాక వీధి ఊరుకుంటుందా? క్రోటన్లకు గళ్ల దుప్పట్లు, మల్లెపాదుకు పంచె! హెడ్మాస్టరు సుదర్శనం గారైతే తన టెరిలిన్ చొక్కాలో చెమటలు కక్కుతూ, నాగజెముడుకు స్వయంగా తువ్వాలు చుట్టారు. పొన్నుస్వామి ప్రయాణం మానేశాడు. రెండు మగ్గాలూ పొద్దస్తమానం మోగాయి.

అంతలో కాంచనమ్మ కూతురికి పెళ్లి కుదిరింది. మొక్కలనే ఇంత ప్రేమగా చూసే తల్లి కన్నకూతురికి ఇంకెంత చేస్తుంది? ఆశగా చీరలు పట్టుకెళ్లాం. పొన్నుస్వామి తాను నేసిన మామిడిపిందెల అంచు చీరను మడత విప్పి పరిచాడు.

"పెండ్లికి అన్నీ మద్రాసులో నైలెక్స్ చీరలే తీసేసినామయ్యా" అంది కాంచనమ్మ. తర్వాత చీర మీద చెయ్యి వేసి నిమిరింది. "ఎంత మెత్తగా ఉండాదో! పెరట్లో కరేపాకు మొక్క ఒక్కటే చలిలో నిలబడుండాది. దానికి సరిపోతాదా?"

పొన్నుస్వామి బయటికి నడిచాడు. మర్నాడు రైలెక్కే ముందు అన్నాడు: "నేను నేసింది యాడన్నా ఒక మనిషి కట్టుకుంటే సూడాలని ఉండె బావా. సెట్టుకు కట్టేదానికా నేసినాను?"

కుర్రతనం! వ్యాపారం తెలియదు వాడికి. ఆ చీర నేను ఇచ్చేసే వచ్చాను.

నిన్న ఆ పెరటి పక్కగా వెళ్తూ చూశాను. కరేపాకు మొక్కకు అంచు బ్రహ్మాండంగా అమిరింది. చుట్టూ ఎవరూ లేరు. గోడ మీదుగా వంగి, కుచ్చిళ్లు కాస్త సర్ది వచ్చాను.